శిశువును చదివిన ఉపాధ్యాయిని : డాక్టర్ మరియా మాంటిస్సోరి

ఏటేటా మన కళాశాల నుండి పట్టా పుచ్చుకొని వెళ్లే విద్యార్థినీ విద్యార్థులలో చాలమంది ఉపాధ్యాయ వృత్తిని ఎన్నుకొంటున్నారు. శిక్షణ కళాశాలలో చేరిన మొదటి నెలలోనే వారి చేతికి రెండు విషయాలు వస్తాయి. ఒకటి శిశు వికాస శాస్త్రం, రెండవది పాఠ్య పథక రచన. మొదటిదానిని పరీక్ష కొరకు కంఠస్థం చేస్తారు. రెండవదానిని పర్యవేక్షకుని కొరకు నిలువు గీతలు గీసి, ఎర్ర సిరాతో శీర్షికలు పెట్టి, నోటు పుస్తకంలో అందంగా వ్రాస్తారు. ఈ రెండింటికీ నడుమ ఒక సంబంధమున్నదని, మొదటిది తెలియనిదే రెండవది వట్టి కాగితమని, చాలమందికి ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు గాని తెలియదు. కొందరికి ఎన్నటికీ తెలియదు.

ఆ సంబంధాన్ని తన జీవితమంతా వెచ్చించి నిరూపించిన మహనీయురాలు డాక్టర్ మరియా మాంటిస్సోరి. ఆమె పేరు నేడు ప్రతి పట్టణంలోను పాఠశాలల బోర్డులపై కనిపిస్తుంది. కాని ఆ బోర్డుల వెనుక జరిగే బోధనకు, ఆమె చెప్పిన బోధనకు అన్నిచోట్లా పొత్తు కుదరదు. కావున ఆమె ఎవరో, ఏమి చూచిందో, ఏమి చేసిందో మన విద్యార్థులకు తెలియజేయుట అవసరమని భావించి ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశంలో అంకోనా సమీపాన గల కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె చదువుకొన్న స్త్రీ, కుమార్తె చదువుకు కొండంత అండ. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం 1875లో రోము నగరానికి చేరింది. ఆ రోజులలో మధ్యతరగతి కుటుంబపు ఆడపిల్ల చదివితే ఉపాధ్యాయిని కావలెను, లేకుంటే వివాహం చేసుకోవలెను. మరియా ఈ రెండింటినీ కాదని పదమూడవ ఏట బాలురు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. ఉపాధ్యాయిని మాత్రం కాబోనని పట్టుపట్టిన ఆ బాలికయే పిమ్మట ప్రపంచమంతటా ఉపాధ్యాయులకు గురువు అయినది. విధి వైచిత్ర్యమంటే ఇదే కదా!

1890లో ఆమె రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదువనారంభించి, ఆ మీదట వైద్య విద్యలో ప్రవేశించింది. పురుషులతోపాటు ఒక స్త్రీ మృతదేహాల ముందు నిలువరాదని అప్పటి మర్యాద. కావున శవచ్ఛేదన పాఠం ఆమె ఒంటరిగా, తక్కిన విద్యార్థులు వెళ్లిపోయిన తరువాత చేసికోవలసి వచ్చింది. అట్టి అవరోధాలను దాటి 1896 జూలైలో ఆమె వైద్య పట్టభద్రురాలైంది. ఇటలీలో ఆ పట్టా పొందిన తొలి కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకతె. అదే సంవత్సరం బెర్లిన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభలో తన దేశపు ప్రతినిధిగా పాల్గొని, శ్రామిక స్త్రీలకు పురుషులతో సమానమైన వేతనం ఉండవలెనని వాదించింది.

వైద్యురాలిగా ఆమె విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక చికిత్సాలయంలో పనిచేసింది. ఆ పనిలో భాగంగా నగరంలోని పిచ్చాసుపత్రులను చూడబోయినపుడు అక్కడ పెద్దవారి నడుమ బంధింపబడి ఉన్న బుద్ధిమాంద్యం గల పిల్లలు కంటబడ్డారు. భోజనమైన తరువాత ఆ పిల్లలు నేలపై పడిన రొట్టె ముక్కలకై పాకులాడుతుండగా, పరిచారిక దానిని ఏవగింపుతో చూపినదని చెబుతారు. మరియా మరొక విధంగా చూచింది. ఆ గదిలో పట్టుకొనుటకు, తాకుటకు, త్రిప్పి చూచుటకు ఆ రొట్టె ముక్కలు తప్ప వేరొక వస్తువు లేదు. ఆ పిల్లల ఆకలి పొట్టది కాదు, చేతులది. ఇదే ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పిన పరిశీలన. పరిచారిక చూచినది, మరియా చూచినది ఒకే దృశ్యం. ఒకరికి అది దోషంగా తోచింది, మరొకరికి అవసరంగా తోచింది. ఉపాధ్యాయులు కాగోరువారు ఈ భేదాన్ని మనస్సులో ఉంచుకోవలెను.

ఆ పిల్లలకు వైద్యం కంటె విద్య ముఖ్యమని ఆమెకు స్పష్టమైంది. అంతకు పూర్వం ఫ్రాన్సు దేశంలో ఇటార్ అనే వైద్యుడు అవేరాన్ అడవులలో దొరికిన బాలునికి విద్య నేర్పుటకు ప్రయత్నించియుండెను. అతని శిష్యుడు సెగ్యాన్ బుద్ధిమాంద్యం గల పిల్లల కొరకు ఇంద్రియ శిక్షణోపకరణాలను కల్పించెను. వీరిరువురి గ్రంథాలను మరియా ఇటాలియన్ భాషలోనికి అనువదించుకొని, మొదటి నుండి చివరి వరకు స్వహస్తంతో వ్రాసికొన్నది. 1900లో రోములో అట్టి పిల్లల ఉపాధ్యాయుల శిక్షణ కొరకు స్థాపింపబడిన పాఠశాలకు ఆమె, డాక్టర్ మోంటెసానో సహసంచాలకులైనారు. పగలంతా పిల్లలతో గడిపి రాత్రివేళ తన పరిశీలనలను వ్రాసికొనుట ఆమె నిత్యకృత్యం. కొంతకాలానికి ఆమె పిల్లలలో కొందరు సామాన్య బాలురతోపాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుండి చదువుట, వ్రాయుటలలో ఉత్తీర్ణులైనారు. లోకమంతా ఆశ్చర్యపడి ఆమెను పొగడింది. ఆమె మాత్రం మరొక సంగతికి ఆశ్చర్యపడింది. మందబుద్ధులనబడిన పిల్లలు ఇంతటివారు కాగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను ఇదే మెట్టున నిలిపి ఉంచుతున్న మన పాఠశాలలలో ఏ లోపమున్నదో వెదకవలెనని ఆమె అనుకొన్నది.

1901లో ఆ సంస్థను వీడి ఆమె మరల విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరి తత్త్వశాస్త్రం, మనస్తత్త్వశాస్త్రం, విద్యాశాస్త్రం అభ్యసించింది. పేరు పొందిన వైద్యురాలు ముప్పది ఏండ్ల వయస్సులో మరల బల్లమీద కూర్చుండుట చిన్న సంగతి కాదు.

ఈ కాలంలో ఆమె జీవితంలో ఒక బాధాకరమైన అధ్యాయం నడిచింది. 1898 మార్చి 31వ తేదీన ఆమెకు మోంటెసానో వలన మేరియో అనే కుమారుడు జన్మించాడు. వారికి వివాహం కాలేదు. ఆనాటి సంఘంలో ఆ సంగతి బయటపడితే ఆమె వృత్తి ఆనాటితో ముగిసేది. శిశువును పల్లెలోని ఒక కుటుంబం పెంచింది. తల్లి అప్పుడప్పుడు వెళ్లి చూచి వచ్చేది, తల్లినని చెప్పక. ఆమె తల్లి 1912లో మరణించిన తరువాత, పదునైదేండ్ల ప్రాయంలో ఆ బాలుడు ఆమె వద్దకు చేరాడు. అప్పుడు కూడ లోకానికి అతడు బంధువుగానే పరిచయం కావలసి వచ్చింది. పరుల పిల్లల బాల్యాన్ని అంత శ్రద్ధగా చదివిన ఆమె, తన బిడ్డ బాల్యాన్ని చూడలేకపోయింది. ఈ సంగతిని దాచి ఆమె చరిత్ర చెప్పుట మాకు ఇష్టం లేదు. గొప్పవారి జీవితాలలో కూడ పూడ్చలేని లోటులుంటాయి. ఆ లోటును ఎరిగిన హృదయమే శిశువు పట్ల అంత జాగరూకత వహించినదేమో.

రోములో సాన్ లొరెంజో అనే పేదవాడలో ఒక గృహ నిర్మాణ సంస్థ పాత భవనాలను బాగుచేసి శ్రామిక కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోగా, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారు. గోడలకు సున్నం వేయించుట కంటె పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టుట చౌక అని సంస్థ తలచి, ఆ పనిని డాక్టర్ మాంటిస్సోరికి అప్పగించింది. 1907 జనవరి 6వ తేదీన వయా దెయి మార్సి వీధిలోని 58వ నంబరు భవనంలో సుమారు ఏబదిమంది పిల్లలతో ఆ గది తెరువబడింది. అదే ప్రసిద్ధమైన బాలల గృహం. ప్రపంచ విద్యాచరిత్రలో ఒక అధ్యాయం గోడల మరమ్మతు ఖర్చు తప్పించుకొనుటకై ప్రారంభమైనదంటే వింతగానే ఉంటుంది.

ఆ గదిలో ఆమె ఏ సిద్ధాంతాన్నీ ముందుగా నిర్ణయించుకోలేదు. బుద్ధిమాంద్యం గల పిల్లలకై చేయించిన ఉపకరణాలను అక్కడ ఉంచి, ఏమి జరుగునో చూచింది. ఒకనాడు మూడేండ్ల పాప ఒకతె కొయ్య దిమ్మెలోని రంధ్రాలలో చిన్నవి పెద్దవి స్థూపాలను అమర్చుతూ, తీస్తూ, మరల అమర్చుతూ ఉన్నది. మాంటిస్సోరి తక్కిన పిల్లలచేత పాటలు పాడించింది, పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టించింది. పాప చేతులు ఆగలేదు. నలుబది సార్లకు పైగా అదే పనిని చేసి, నిద్ర లేచినట్లు సంతోషంగా లేచింది. చిన్నపిల్లలకు ఏకాగ్రత ఉండదని పెద్దలు అనుకొనుట పొరపాటని, వారి వికాసానికి తగిన పని దొరికితే ఏకాగ్రత దానంతట అదే వచ్చునని ఆమె ఆనాడు గ్రహించింది.

మరొక రోజు ఉపాధ్యాయిని ఆలస్యంగా వచ్చింది. ఉపకరణాల బీరువాకు తాళం వేయుట మరచిపోయినందున, పిల్లలు తామే తలుపులు తీసి తమకు కావలసినవి తీసుకొని పని చేసికొంటున్నారు. ఉపాధ్యాయిని దానిని దొంగతనమనుకొన్నది. మాంటిస్సోరి దానిని ఎన్నిక అనుకొన్నది. నాటి నుండి ఎత్తైన బీరువాలకు బదులు పిల్లల చేతికి అందే అరలు వచ్చాయి.

ఇంకొకనాడు ఆమె పిల్లలకు చేతిరుమాలుతో చప్పుడు కాకుండా ముక్కు శుభ్రం చేసికొనుట ఎట్లో చేసి చూపింది. పిల్లలు నవ్వుతారనుకొన్నది. వారు నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. ఆ విషయమై అంతవరకు వారు పొందినవి చీవాట్లే గాని, నేర్పినవారు లేరు. నేర్పకుండా దండించుట ఎంతటి అవమానమో ఆ చప్పట్లు చెప్పినాయి.

ఆరేండ్లు నిండనిదే అక్షరాలు నేర్పరాదని ఆమె మొదట తలచింది. కాని పిల్లలు, వారి తల్లులు చదువు చెప్పుమని కోరగా, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలపై అంటించి ఇచ్చింది. పిల్లలు వాటిపై వ్రేలు త్రిప్పుతూ ధ్వనిని పలికేవారు. వ్రాయుమని ఎవరినీ అడుగలేదు. ఆ డిసెంబరు మాసంలో ఒక ఎండపొద్దు మేడపైన అయిదేండ్ల బాలునికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ గీయుమన్నది. బొమ్మ గీసిన బాలుడు ఒక్కసారిగా చేయి అనే మాటను, పిమ్మట పొగగొట్టం, పైకప్పు అనే మాటలను నేలపై వ్రాసి కేకలు వేసినాడు. అది చూచి తక్కిన పిల్లలు కూడ సుద్దముక్కలు పుచ్చుకొన్నారు. చేతికి, చెవికి, కంటికి వేరువేరుగా నేర్పిన సంగతులన్నీ ఒకనాడు కలిసికొని వ్రాతగా పొంగినాయి. చదువుట దాని తరువాత వచ్చింది.

ఈ అనుభవాల నుండియే ఆమె శిశు వికాస సిద్ధాంతం పుట్టింది. మానవ వికాసం ఒకే వాలుగా సాగే మార్గం కాదని, ఆరేసి సంవత్సరాల నాలుగు దశలుగా సాగునని ఆమె చెప్పింది. పుట్టుక నుండి ఆరేండ్ల వరకు శిశువు మనస్సు పరిసరాలను శ్రమ లేకుండా పీల్చుకొంటుంది. దీనికి ఉదాహరణ వెదకుటకు మనము ఇటలీ పోనక్కరలేదు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు వినే మన పసిపిల్లలు ఏ వ్యాకరణమూ చదువకనే నాలుగేండ్లకు రెండు భాషలలోను పోట్లాడుకోగలరు. అదే రెండవ భాషను ఇరువది ఏండ్లకు నేర్వబూనినవాడు పడే పాట్లు మన కళాశాలలో అందరూ ఎరిగినవే. ఇక ఆరు నుండి పండ్రెండు వరకు బాలుడు ఎందుకు, ఎట్లు అని ప్రశ్నించే దశ. అతనికి ఊహాశక్తి, న్యాయాన్యాయ విచక్షణ, స్నేహితుల గుంపు ముఖ్యం. పండ్రెండు నుండి పదునెనిమిది వరకు సంఘంలో తన స్థానాన్ని వెదకుకొనే సుకుమారమైన దశ. పదునెనిమిది నుండి ఇరువదినాలుగు వరకు వృత్తిని, బాధ్యతను ఎన్నుకొనే దశ. ఈ చివరి దశ మీదే, విద్యార్థి మిత్రులారా!

అదిగాక క్రమం, భాష, కదలిక మొదలగు ఒక్కొక్క విషయానికి శిశువులో ఒక్కొక్క అనుకూల కాలం ఉంటుందని, అది గడచిన తరువాత అదే విషయాన్ని నేర్చుటకు ఎక్కువ శ్రమ కావలెనని ఆమె బోధించింది. విత్తుటకు అదను ఉన్నట్లే నేర్చుటకూ అదను కలదు. అదను దాటిన పైరు పండదని కాదు, కాని రైతుకు అలసట ఎక్కువ.

ఇక పాఠ్య పథకం సంగతి. ఆనాటి ఐరోపాలో, మన శిక్షణ కళాశాలలలో కూడ చాలకాలం, హెర్బార్ట్ పండితుని అనుయాయులు రూపొందించిన పంచ సోపానాలు రాజ్యమేలాయి. సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం, సాధారణీకరణం, వినియోగం అనే ఆ మెట్లు తరగతి మొత్తాన్ని ఒకే వేళకు ఒకే మెట్టు ఎక్కిస్తాయి. మాంటిస్సోరి పాఠం అట్లు కాదు. అది క్లుప్తంగా ఉండవలెను, సరళంగా ఉండవలెను, అందులో ఉపాధ్యాయుని ఆడంబరం గాక వస్తువే ప్రధానంగా కనిపించవలెను. ఒక్క పాఠంలో ఒక్క కష్టమే ఉండవలెను. రంగు నేర్పే పలకలు ఆకారంలో, పరిమాణంలో ఒక్కటిగా ఉండి రంగులో మాత్రమే భేదిస్తాయి. గులాబి రంగు గోపురంలోని పది ఘనాలు ఒకే రంగువై, ఒక సెంటీమీటరు నుండి పది సెంటీమీటర్ల వరకు పరిమాణంలో మాత్రమే భేదిస్తాయి. స్థూపాన్ని తప్పు రంధ్రంలో పెడితే చివరకు ఒకటి మిగిలిపోయి తప్పును అదే చెబుతుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరా తీయనక్కరలేదు.

పేర్లు నేర్పుటకు ఆమె సెగ్యాన్ నుండి గ్రహించిన మూడు అంచెల పాఠం నూతన ఉపాధ్యాయులు ఎవరైనను రేపే ఆచరింపదగినది. మొదటి అంచెలో వస్తువును చూపి పేరు మాత్రం చెప్పవలెను, ఇది ఎరుపు, ఇది నీలం అని. రెండవ అంచెలో పేరు చెప్పి వస్తువును చూపుమని అడుగవలెను. ఈ అంచెను ఆటవలె పలుమార్లు సాగింపవచ్చును. మూడవ అంచెలో వస్తువును చూపి పేరు అడుగవలెను. రెండవ అంచెలోనో మూడవ అంచెలోనో శిశువు తప్పితే, తప్పు అనరాదు, పదేపదే అడుగరాదు. చిరునవ్వుతో వస్తువులను అరలో పెట్టి మరొకనాడు మరల మొదలుపెట్టవలెను. ఎందుకనగా ఆ క్షణాన తేలినది శిశువు తెలివితక్కువ కాదు, పాఠానికి ఇంకను అదను రాలేదన్న సమాచారం మాత్రమే. ఆమె దృష్టిలో పాఠం ఒక ప్రయోగం. ప్రయోగంలో అనుకొన్న ఫలితం రానిచో శాస్త్రజ్ఞుడు పరీక్షనాళికను కొట్టడు కదా!

ఈ సందర్భమున మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మేము బోధన ప్రారంభించిన తొలి రోజులలో ఒక ప్రాథమిక పాఠశాలలో కొంతకాలం తెలుగు అక్షరాలు నేర్పినాము. మా పాఠ్య పథకం లక్షణయుక్తంగానే ఉండెను. ఒకే గంటలో ప, వ, మ, య అనే నాలుగక్షరాలు పెట్టుకొన్నాము. రూపంలో దగ్గరగా ఉన్నవి కావున కలిపి నేర్పుట సులభమని మా తలంపు. పిల్లలు వాటిని ఒకదానికొకటి తారుమారు చేశారు. వారిలో ఉర్దూ ఇంటిభాషగా గల ఒక చిన్నవాడు పలక కుడి అంచు నుండి ఎడమకు వ్రాస్తూ పోయాడు. మేము పలక తుడిచి మరల వ్రాయుమన్నాము. అతడు మరల కుడి నుండియే మొదలుపెట్టాడు. మూడవసారి మేము గట్టిగా కసరినాము. అతడు నాటి నుండి మా గంటలో పలక తీయుట మానినాడు. అతనిది తప్పు కాదు. ఇంటివద్ద అలీఫ్, బే కుడి నుండి దిద్దిన చేయి అది. ఒక క్రమాన్ని అంత చక్కగా నేర్చిన చేతికి రెండవ క్రమాన్ని చూపుట మా పని. మేము ఆ బాలుని చూడలేదు, మా పథకాన్ని మాత్రమే చూచినాము. మాంటిస్సోరి గ్రంథం చదివిన తరువాత గాని మాకు ఆ సంగతి బోధపడలేదు. ఆమె పద్ధతి ప్రకారం మొదట రూపంలో దూరమైన రెండక్షరాలను తీసికొని, వ్రేలితో దిద్దించి, ఎక్కడ మొదలుపెట్టవలెనో చేతితో చూపి ఉండవలసినది. ప, వ అక్షరాల భేదం వేరొకనాటి పాఠం. బే, పే, తే అక్షరాలకు చుక్కలే భేదమని తెలిసిన ఉర్దూ ఉపాధ్యాయులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

మరల ఆమె జీవితానికి వద్దాము. 1909లో ఆమె తన పద్ధతిని వివరించే గ్రంథాన్ని ప్రకటించింది. 1912లో వెలువడిన దాని ఆంగ్లానువాదం అమెరికాలో గొప్ప సంచలనం కలిగించింది. 1913లో రోములో మొదటి అంతర్జాతీయ శిక్షణ తరగతులు జరిగాయి. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజుగోడల తరగతి గది ఏర్పరచి, పిల్లలు పనిచేయుటను లోకులు బయటి నుండి చూచే ఏర్పాటు చేశారు. విమర్శలూ రాకపోలేదు. 1914లో అమెరికన్ విద్యావేత్త కిల్పాట్రిక్ ఒక గ్రంథం వ్రాసి, ఆమె ఉపకరణాలు శిశువు ఊహకు, స్నేహానికి చాలినంత చోటు ఇవ్వవని ఆక్షేపించాడు. ఉపకరణాల ఖరీదు, శిక్షణాధికారం తన చేతిలోనే ఉంచుకొనుట కూడ ఆమెపై వచ్చిన ఆక్షేపణలు. వీటిలో సత్యం లేదనుట కుదరదు.

1924 నుండి ముస్సోలినీ ప్రభుత్వం ఆమె పాఠశాలలకు ప్రాపుగా నిలిచింది. తన పని విస్తరించునన్న ఆశతో ఆమె ఆ ప్రాపును అంగీకరించింది. కాని స్వతంత్రంగా ఆలోచించు పిల్లలను పెంచే పద్ధతికి, ఆజ్ఞకు తలవంచు పౌరులను కోరే నియంతృత్వానికి పొసగుట అసాధ్యం. 1934లో బంధం తెగి, ఇటలీలో ఆమె పాఠశాలలు మూతపడినాయి. జర్మనీలోను నాజీలు వాటిని మూసివేశారు. బార్సిలోనాలో నివసించుచున్న ఆమె 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం వలన అక్కడి నుండి కూడ కదలి హాలెండు చేరింది. అరువది ఆరేండ్ల వయస్సులో ఆమె మరొకసారి పరదేశంలో ఇల్లు వెదకుకోవలసి వచ్చింది.

మన దేశంలో ఆమె పేరు అప్పటికే తెలిసినదే. గుజరాతులోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం స్థాపించి, ఆమె పద్ధతిని మన పేదరికానికి, మన ఆటపాటలకు, కథలకు అనుగుణంగా మలచియుండెను. 1931లో గాంధీజీ లండన్‌లో ఆమె శిక్షణ కళాశాలను దర్శించి ప్రసంగించారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె కుమారుడు మేరియోతో కలిసి విమానంలో మద్రాసు చేరింది. గిజుభాయి అదే సంవత్సరం జూన్‌లో మరణించినందున ఆమె రాకను చూడలేకపోయాడు. అడయారులో నవంబరు నెలలో మొదలైన తరగతులకు దేశం నలుమూలల నుండి సుమారు మూడువందలమంది వచ్చారు. మన ఆంధ్ర జిల్లాలు కూడ నాడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆమె ఇటాలియన్‌లో చెప్పుచుండగా మేరియో ఆంగ్లంలో వినిపించేవాడు.

మూడు నెలల కొరకు వచ్చిన ఆమె సుమారు ఏడేండ్లు ఉండిపోయింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగా, తల్లీకుమారులు శత్రుదేశ పౌరులైనారు. మేరియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. డెబ్బది ఏండ్లు సమీపించిన ఆమెను అడయారు ఆవరణ దాటరాదన్నారు. ఆ ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినాన, వైస్రాయి మేరియోను విడుదల చేశాడు. ఆ సందర్భమున అతడు ఆమె కుమారుడుగానే పేర్కొనబడినాడని జీవితచరిత్రకారులు చెబుతారు. నలుబది రెండేండ్లు దాచిన మాట పరాయి ప్రభుత్వం నోట వెలువడినది.

1942 నుండి రెండేండ్లు ఆమె కొడైకెనాల్‌లో నివసించింది. ఆ కొండలలో వేరువేరు వయస్సుల పిల్లలతో చెట్లు, పురుగులు, రాళ్లు, నక్షత్రాలు పాఠాలుగా పనిచేసి, ఆరు నుండి పండ్రెండేండ్ల పిల్లల విద్యకు రూపమిచ్చింది. ఆ వయస్సువానికి ముందుగా విశ్వమంతటి కథను చెప్పి ఆశ్చర్యం కలిగించి, పిమ్మట ఒక్కొక్క వివరానికి దింపవలెనని ఆమె మతం. ఆకు భాగాల పేర్లతో మొదలుపెట్టే మన ప్రకృతి శాస్త్ర పాఠానికి ఇది సరిగా తలక్రిందులు. యుద్ధకాలంలో మన దేశంలో ఆమె వద్ద శిక్షణ పొందినవారు వేయిమందికి పైగా ఉన్నారు. 1946లో ఐరోపాకు వెళ్లి, 1947లో మరల వచ్చి, 1949లో ఆమె మన దేశం వీడింది. శిశు మనస్సును గూర్చిన ఆమె ప్రసిద్ధ గ్రంథం అహమ్మదాబాదు ఉపన్యాసాల నుండి కూర్చబడి ఆ సంవత్సరమే ప్రకటితమైనది. ఆ ఏడు మొదలుకొని వరుసగా మూడేండ్లు ఆమె పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదింపబడింది. 1952 మే 6వ తేదీన హాలెండులోని నూర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో ఆమె కన్నుమూసింది. అక్కడనే సమాధి. 1990లో ఇటలీ ప్రభుత్వం వేయి లీరాల నోటుపై ఆమె చిత్రాన్ని ముద్రించింది. ఏ ప్రభుత్వం ఆమె పాఠశాలలను మూసివేసినదో ఆ దేశపు పేదవాని జేబులో అట్లు ఆమె చాలకాలం తిరిగింది.

ఇంతటి జీవితం నుండి రేపటి ఉపాధ్యాయులు గ్రహింపవలసినది ఏమి? ఏబదిమంది పిల్లలున్న మన తరగతులలో గులాబి గోపురాలు కొనుట సాధ్యం కాకపోవచ్చును. కాని చూచుటకు ఖర్చు లేదు. పాఠ్య పథకంలో మొదటి గీతకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడని మా మనవి. ఈ పిల్లలకు ఇప్పటికే ఏమి చేతనగును? నేడు నేను చూపబోయే ఒక్క కొత్త సంగతి ఏది? వారికి అది వచ్చినదని వారి చేతులను చూచి ఎట్లు తెలిసికొందును? రానివానికి రేపు ఏమి చేయుదును? ఈ నాలుగవ ప్రశ్నకు చోటులేని పథకం ఎంత అందంగా వ్రాసినను పర్యవేక్షకుని కొరకు వ్రాసినదే గాని పిల్లల కొరకు కాదు. రోజుకు అయిదుగురు పిల్లల చొప్పున పేరు పేరున గమనించి రెండేసి పంక్తులు వ్రాసికొన్నచో, పది పనిదినాలలో ఏబదిమందియు మీ కంటబడినవారగుదురు.

పలక కుడి నుండి వ్రాసిన ఆ చిన్నవాడు నేడు ఎక్కడున్నాడో మాకు తెలియదు. అట్టి బాలుడు రేపు మీ తరగతిలో వెనుక వరుసలో కూర్చుండి ఉంటాడు. పలక తుడువబోవు ముందు, అతని చేయి ఎందుకు అటు నుండి మొదలుపెట్టినదో ఒక్క క్షణం ఆగి చూడుడు. మీ మొదటి పాఠ్య పథకం అక్కడ మొదలగును.